మా క్యాసెట్‌లో రాస్పుటిన్ లేడు

2021 వేసవి, రెండో లాక్‌డౌన్ రోజులు. మా అమ్మాయి హాల్లో సెల్‌ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టుకుని ఏదో డ్యాన్స్ ప్రాక్టీస్ చేస్తోంది. చేతులు కట్టుకోవడం, గొంతుక్కూర్చోవడం, అలా కూర్చునే ఒక్కో కాలూ ముందుకి విసరడం. పాట నాకు తెలిసిందే. కింద వాయిద్యం మాత్రం ఎవరో మార్చేశారు, గుండెల మీద గుద్దినట్టుంది.

"ఏం పాటే అది?"

"కొత్త పాట నాన్నా. ఇప్పుడందరూ దీనికే చేస్తున్నారు."

కొత్త పాట! రాస్పుటిన్. బోనీ ఎం అనే డిస్కో గుంపు 1978లో విడుదల చేసింది. ఆ మాటే చెప్పాను. వెంటనే, "అయితే చిన్నప్పుడు వినేవాడివా?" అని అడిగింది.

అక్కడ తడబడ్డాను. ఆ పాట ఉన్న క్యాసెట్టే మా ఇంట్లో ఏళ్ల తరబడి అరిగింది. అయినా చిన్నప్పుడు ఆ పాట నేను ఒక్కసారి కూడా వినలేదు. మా క్యాసెట్‌లో రాస్పుటిన్ ఉండాల్సిన చోట మా పిన్ని మాట్లాడుతూ ఉండేది.

మాది నరసాపురం. పిన్ని 1984లో కువైట్ వెళ్లింది. గోదావరికి ఇటైనా అటైనా, ఆడమనిషి కువైట్ వెళ్లిందంటే ఎవరూ ఇంకేం అడిగేవారు కాదు. అక్కడ ఎవరింట్లోనో వంటపని, పిల్లల పని. తన రెండేళ్ల కొడుకుని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లింది. ఉత్తరం రావాలంటే వారాలు పట్టేది. వచ్చినా అమ్మమ్మకి చదువు రాదు, మేమే చదివి పెట్టాలి. పిల్లల నోటి వెంట కూతురి కష్టాలు వినాలంటే ఆవిడకి నచ్చేది కాదు.

ఏడాది తిరిగాక, సెలవుల మీద ఊరొస్తున్నవాళ్లతో పిన్ని ఒక నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్ పంపించింది. అందులోనే ఒక క్యాసెట్ పెట్టి ఉంది. తను పనిచేసే ఇంట్లో పిల్లలు వద్దని పడేసిన పాటల క్యాసెట్ అది. పాత క్యాసెట్లు వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పాటలతో అమ్మే క్యాసెట్‌కి వెనకంచున రెండు చిన్న కంతలుంటాయి, రికార్డు బటన్ దిగకుండా. ఆ కంతలో కాగితం ముక్క కుక్కితే దాని మీద మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. పిన్నికి ఈ కిటుకు ఎవరు నేర్పారో గానీ, ఒక వైపు మొత్తం చెరిపేసి తన గొంతు నింపి పంపింది. "అమ్మా, నేను బానే ఉన్నానే" అని మొదలై, టేపు అయిపోయే దాకా. రెండో వైపు జోలికి పోలేదు. ఎందుకంటే, "పిల్లలు ఇంగ్లీషు పాటలు వింటార్లే అని వదిలేశాను" అని తర్వాత ఎప్పుడో చెప్పింది.

ఆ క్యాసెట్ పేరు నైట్‌ఫ్లైట్ టు వీనస్. రాస్పుటిన్ మొదటి వైపు పాట కాబట్టి పోయింది. రెండో వైపు మొదటి పాట రివర్స్ ఆఫ్ బాబిలోన్.

సాయంత్రం దీపాలు పెట్టాక అమ్మమ్మ పిన్ని వైపు వినేది. మేం పక్కనే కాచుకుని కూర్చునేవాళ్లం. పిన్ని చివర్లో "టేపైపోతోందే అమ్మా" అంటూ గబగబా నాలుగు మాటలు చెప్పగానే బటన్ టప్‌మని లేచేది. మా తమ్ముడో నేనో చటుక్కున లాగి తిప్పి పెట్టేవాళ్లం. అలా ఆ పాట ఎప్పుడూ పిన్ని మాట వెనకాలే వచ్చేది. ఇప్పటికీ దాని మొదట్లో వచ్చే ఆ గుంపు గొంతుల రాగం వింటుంటే, దాని ముందు "టేపైపోతోందే అమ్మా" అన్న మాట లేకపోతే నాకు ఏదో వెలితి.

1986లో స్కూలు వార్షికోత్సవానికి మా ఏడో తరగతి వాళ్లం డిస్కో చేస్తామని పేరిచ్చేశాం. ఏ పాట అంటే ఇదే. చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేని పాట మా దగ్గరుందని గర్వం. పాటని తెలుగు అక్షరాల్లో నోట్సులో రాసుకున్నాం. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. బాబిలోన్‌ని "బేబీ లోన్" అని రాసుకుని, ఎవరో బేబీ అనే అమ్మాయిని నది ఒడ్డున తలుచుకుంటున్నాడు కాబోలనుకున్నాం. నది, బేబీ, డిస్కో. అన్నీ కుదిరాయి. సిల్కు చొక్కాలకి చెమ్కీలు కుట్టించుకున్నాం.

రోజూ సాయంత్రం మా అరుగు మీదే ప్రాక్టీసు. పక్కిల్లు టీచరమ్మగారిది. మిషన్ బడిలో చేసి రిటైరయ్యారు. నరసాపురానికి మిషనరీలు 1830లలోనే వచ్చారు, వాళ్ల కుటుంబం తాతల నాటి నుంచీ చర్చికి వెళ్లేదే. ఒకరోజు ఆవిడ గోడ పక్కన ఆగిపోయి, "ఒరేయ్ అబ్బాయ్, అది మళ్లీ మొదట్నించి పెట్టు" అన్నారు. గోల చేస్తున్నామని తిడతారనుకున్నాం. రివైండ్ చేసి పెట్టాను. గోడ మీద చెయ్యి ఆన్చి, కళ్లు మూసుకుని మొత్తం విన్నారు.

"ఏం పాటనుకుంటున్నార్రా ఇది?"

"డిస్కో అండి."

"డిస్కోనా!" అని నవ్వి లోపలికెళ్లి, నల్లట్ట పుస్తకం, కళ్లజోడు తెచ్చుకున్నారు. 137వ కీర్తన తీశారు. బబులోను నదుల దగ్గర కూర్చుని, తమ సొంత ఊరు సీయోనుని తలుచుకుని ఏడ్చినవాళ్ల పాట అది. వాళ్ల సితారాల్ని అక్కడి నిరవంజి చెట్లకి తగిలించేశారు. మావాడొకడు "ఎందుకండీ తగిలించడం?" అన్నాడు. "ఎందుకంటే, పాడండి పాడండి అని వాళ్లని అడిగింది ఎవరనుకున్నావ్? చెరపట్టి తీసుకొచ్చినవాళ్లే" అన్నారు ఆవిడ. తర్వాతి వాక్యం వేలు పెట్టి చదివారు: "అన్యుల దేశములో యెహోవా కీర్తనలు మనమెట్లు పాడుదుము?"

అమ్మమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. చేట అలాగే ఆపి, "అయితే ఇది మా చిన్నదాని పాటేనన్నమాట" అంది.

టీచరమ్మగారు పుస్తకం మూసేశారు. మేం చెమ్కీ చొక్కాల్లో నిలబడి ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. అలాగని ప్రాక్టీసు ఆపలేదు. అప్పటికే స్టెప్పులు కుదిరిపోయాయి మరి.

వార్షికోత్సవం రోజు మైకుసెట్టు అతని డెక్‌లో క్యాసెట్ పెట్టారు. రెండు నిమిషాలు బాగానే నడిచింది. పైకెత్తిన చేతులు పైకెత్తినట్టే ఉండగా పాట వంకర తిరిగి, మూలిగి, ఆగిపోయింది. టేపు లోపల రోలర్‌కి చుట్టుకుపోయింది. జనం ఈలలు. అతను ఆ గోధుమరంగు పేగుని బయటికి లాగాడు. జానెడు ముక్క ముడతలు పడిపోయింది. బ్లేడుతో ఆ జానెడూ కోసేసి, రెండు కొసలూ సన్నటి సెలోటేపు పట్టీతో అతికించి, పెన్సిల్ దూర్చి తిప్పి బిగించి, పది నిమిషాల్లో మళ్లీ పెట్టాడు. పాట అతుకు దగ్గర ఒక గంతు గెంతింది. మేమూ గెంతాం. చప్పట్లు పడ్డాయి, ఆ గెంతు కూడా డ్యాన్సులో భాగమే అనుకున్నారు.

ఆ రాత్రి అమ్మమ్మ ఎప్పట్లాగే పిన్ని వైపు పెట్టమంది. అంతా బానే నడిచి, చివర్లో ఒకచోట గొంతు గెంతింది. అమ్మమ్మ తలెత్తింది. "ఇక్కడ పిల్ల ఏదో అనేదే?"

అప్పటి దాకా నాకు తెలియని సంగతి: ఆ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో సగంలో ఒక వైపు, మిగతా సగంలో రెండో వైపు ఉంటాయి. రెండో వైపు మొదలు ఎక్కడో, మొదటి వైపు చివర అక్కడే. రివర్స్ ఆఫ్ బాబిలోన్‌లో ముక్క కోస్తే పిన్ని ఉత్తరంలో చివరి మాటలు కోసినట్టే. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. జానెడంటే నాలుగున్నర, అయిదు సెకన్లు. నేను ఏమీ తెలియనట్టు చూరు వైపు చూస్తూ కూర్చున్నాను.

పిన్ని 1990లో వచ్చేసింది. ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక, లక్షన్నర మందికి పైగా మనవాళ్లని విమానాల్లో తీసుకొచ్చారు కదా, ఎక్కువమంది జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా. పిన్నీ అలాగే ఒక సంచితో దిగింది. దాని గురించి తను ఎక్కువ మాట్లాడదు, నేనూ ఇక్కడ రాయను.

ఆ పాట అసలు సంగతి నాకు తెలిసింది ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక, 1999లో. ఆఫీసులో ఒకతను ది హార్డర్ దే కమ్ అనే జమైకా సినిమా పాటల సీడీ ఇచ్చాడు. సినిమా 1972 నాటిది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ పనిచేస్తుంటే, ఉన్నట్టుండి మా అరుగు మీది పాట. కానీ నెమ్మదిగా. బోనీ ఎం పాటలో డ్రమ్ము కవాతులాగా దెబ్బకి దెబ్బ పడుతుంది. ఇందులో గిటారు దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో తెగుతుంది. ముగ్గురు మగవాళ్లు, ఎండలో పనిచేసి వచ్చి అరుగు మీద కూర్చున్నట్టు పాడుతున్నారు. వింటే అలసట తెలుస్తుంది. టీచరమ్మగారు చదివిన పాట ఇదీ అనిపించింది.

వాళ్ల పేరు మెలోడియన్స్, జమైకా గుంపు. బ్రెంట్ డో, ట్రెవర్ మెక్‌నాటన్ రాస్తే, లెస్లీ కాంగ్ నిర్మాతగా 1970లో రికార్డయింది. రాశారంటే, 137వ కీర్తన, 19వ కీర్తన చివరి వాక్యం తీసి కలిపారు. "నా నోటి మాటలును నా హృదయ ధ్యానమును" అని మన చర్చిల్లో ప్రసంగం ముందు అంటారే, అది. వాళ్లిద్దరూ రాస్తఫారీలు, అంటే ఇథియోపియా చక్రవర్తిని దేవుడిగా కొలిచే జమైకా మతంవాళ్లు. ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో తెచ్చి దించినవాళ్ల మనవలకి బాబిలోన్ అంటే పుస్తకంలో ఊరు కాదు, తమ నెత్తినెక్కి కూర్చున్న రాజ్యం. అందుకే పాటలో దేవుడి పేరు దగ్గర "కింగ్ ఆల్ఫా" అని ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని పెట్టుకున్నారు. ఆ మాటల వల్లే మొదట్లో జమైకా ప్రభుత్వం రేడియోలో వెయ్యనివ్వలేదట. ఇవన్నీ బైబిల్ మాటలే, చర్చిలో ఎప్పట్నుంచో పాడుతున్నవే అని కాంగ్ వాదించి నిషేధం తీయించాడనీ, మూడు వారాల్లో పాట అక్కడ మొదటి స్థానానికి వెళ్లిందనీ బ్రెంట్ డో తర్వాత చెప్పాడు.

ఎనిమిదేళ్ల తర్వాత జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ అనే పాటల నిర్మాత చేతికి ఈ పాట వచ్చింది. బోనీ ఎం అంటే నలుగురు కాదు, ముందు ఈయన ఒక్కడే. 1975లో తన గొంతుతోనే ఒక డ్యాన్స్ రికార్డు చేసి, దానికి ఏదో టీవీ సీరియల్‌లో డిటెక్టివ్ పేరు చూసి బోనీ ఎం అని పెట్టాడు. అది ఆడేసరికి టీవీలో కనబడటానికి మనుషులు కావాల్సొచ్చి నలుగుర్ని తెచ్చాడు. ఈ పాటలో ఆయన "కింగ్ ఆల్ఫా" తీసేసి మామూలు ప్రభువు పేరు పెట్టాడు, రాస్తఫారీ ముద్ర ఉన్న ఇంకో మాట కూడా చెరిపేశాడు. ఇక రికార్డు మీద రచయితల పేర్లు చూడండి: డో, మెక్‌నాటన్, ఫారియన్, రేయమ్. ఆ నాలుగో ఆయన అసలు ఇంటిపేరు మేయర్. ఇంగ్లిష్ అక్షరాల్లో వెనక నుంచి చదువుకోండి. కీర్తన మొదట రాసిన మహానుభావుడి పేరు ఎక్కడా లేదు, రాయల్టీ అడగడానికి ఆయన రాడు కదా.

మా దగ్గర మిగిలిన ఆ రెండో వైపు పాటలు అయిదు. ఒకటి జమైకా కీర్తన. మూడోది, బ్రౌన్ గర్ల్ ఇన్ ద రింగ్, జమైకాలో పిల్లలు గుండ్రంగా నిలబడి ఆడుకునే ఆట పాట. మన ఒప్పులకుప్ప లాంటిదనుకోండి. చివరిది, హార్ట్ ఆఫ్ గోల్డ్, నీల్ యంగ్‌ది. అంటే అయిదింట్లో కనీసం మూడు ఎవరెవరివో. నేను వాటన్నిటినీ పిన్ని పంపిన పాటలనే అనుకుంటూ పెరిగాను.

బ్రిటన్‌లో 1978లో ఆ రికార్డుకి జరిగింది కూడా విచిత్రమే. ఒక వైపు రివర్స్ ఆఫ్ బాబిలోన్, వెనక వైపు ఆ ఆట పాట. ముందు వైపు పాట అయిదు వారాలు నంబర్ వన్‌గా ఉండి, నెమ్మదిగా కిందికి జారింది. రేడియోవాళ్లు రికార్డు తిప్పి వెనక వైపు వెయ్యడం మొదలుపెట్టారు. అదే రికార్డు మళ్లీ ఎక్కి రెండో స్థానం దాకా వెళ్లింది. ఒక్క బ్రిటన్‌లోనే 20 లక్షలకి పైగా అమ్ముడైంది. తిప్పి పెట్టే అలవాటు మాకే అనుకున్నాను గానీ, వాళ్లకీ ఉంది.

గొంతుల సంగతి ఇంకా ఉంది. రికార్డుల్లో పాడిన ఆడగొంతులు లిజ్ మిచెల్, మార్షియా బారెట్‌లవి. ఇద్దరూ జమైకాలో పుట్టినవాళ్లే, ఆ పాట జర్మనీ చేరినా దాని ఊరిపిల్లలే పాడారన్నమాట. స్టేజీ మీద గెంతుతూ కనిపించే బాబీ ఫారెల్ మాత్రం రికార్డుల్లో పాడలేదు. ఆ మగగొంతు ఫారియన్‌దే. అక్కడ దీన్ని పెద్ద మోసంలా చెప్పుకుంటారు. మాకు తెలిసి ఉంటే "అయితే ఏంటంట?" అనేవాళ్లం. రామారావుగారు పెదాలు కదిపితే ఘంటసాల పాడటం చూసి పెరిగినవాళ్లం కదా. తేడా ఒక్కటే, మన పాటల పుస్తకాల్లో "గానం" అని రాసి పేరు వేసేవారు. ఫారియన్ ఆ లైను వెయ్యలేదు. తర్వాత మిల్లీ వనిల్లీ అనే ఇంకో జంటతో అదే పని చేసి, 1990లో బయటపడి, వాళ్ల గ్రామీ అవార్డు వెనక్కి తీసుకునే దాకా తెచ్చుకున్నాడు. పాపం ఫారెల్. ఆయన 2010 డిసెంబర్ 30న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చనిపోయాడు. రాస్పుటిన్‌ని, అంటే ఆ పాటలోని రష్యా సాధువుని, చంపింది కూడా అదే ఊళ్లో, 1916 డిసెంబర్ 30నే. ఇలాంటివి కథలో రాస్తే నమ్మరు.

మా అమ్మాయి గెంతుతున్న పాటకి అసలు పేచీ ఇక్కడే వచ్చింది. "ఎవరో మళ్లీ పాడారా?" అని నేను, "లేదు, అదే గొంతు" అని తను. తనదే నిజం. మెజెస్టిక్ అనే బ్రిటిష్ డీజే పాత గొంతుల్ని అలాగే ఉంచి, కింద కొత్త దరువు కట్టి, దాదాపు ఆరు నిమిషాల ఆల్బమ్ పాటని మూడు నిమిషాలకి కుదించాడు. మెలోడియన్స్ పాటకి బోనీ ఎం చేసింది కవర్, బోనీ ఎం పాటకి ఇతను చేసింది రీమిక్స్. అది బ్రిటన్‌లో 11వ స్థానం దాకా వెళ్లింది. నాకైతే నచ్చలేదు. కథ చెబుతూ చెబుతూ ఊపిరి పీల్చుకునే చోట్లన్నీ కోసేశాడు. నేనామాట అంటే, "మీరు బేబీ లోన్ అని పాడుకున్నారు, నువ్వు మాట్లాడకు నాన్నా" అంది.

2022 సంక్రాంతికి నరసాపురం వెళ్లినప్పుడు మా తమ్ముడి అటక మీద నుంచి క్యాసెట్ దింపాం. టూ ఇన్ వన్ ఎప్పుడో పోయింది, ఒక పాత ప్లేయర్ అడిగి తెచ్చాను. ఫోన్‌లోకి ఎక్కించుకుందామని వైరు తగిలించాను. సెలోటేపు పసుప్పచ్చగా గట్టిపడింది గానీ ఊడలేదు. పిన్నికి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మంచం మీద కూర్చుని తన గొంతు తనే విన్నది. "అయ్యో, అంత సన్నగా ఉండేదా నా గొంతు" అని నవ్వింది. మధ్యలో కుక్కర్ అరిస్తే వెళ్లి ఆపి వచ్చింది.

చివరికొచ్చేసరికి నేను ప్లేయర్ దగ్గరికి జరిగాను.

"టేపైపోతోందే అమ్మా. బాబుకి చెప్పు, వచ్చే సంక్రాంతికి" దగ్గర గొంతు గెంతింది. "అని ఏడవొద్దని చెప్పు."

ముప్పై అయిదేళ్ల కిందటి వార్షికోత్సవం, మైకుసెట్టు, బ్లేడు, జానెడు ముక్క, అన్నీ చెప్పేశాను. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు. ఆ మాటల్లో "బాబు" వాడే, పిన్ని కొడుకు. వాడు నన్ను తిడతాడనుకున్నాను, కానీ వాళ్లమ్మ వైపు చూశాడు.

"అక్కడ ఏమన్నావో గుర్తుందా పిన్నీ?" అని నేనే అడిగాను.

పిన్ని కాసేపు ఆలోచించింది. "ఏం గుర్తురా... వస్తాననే అని ఉంటాను. రాలేదు కదా మరి."

బటన్ టప్‌మని లేచింది. మా అమ్మాయి క్యాసెట్ తీసి, ఏ వైపు పెట్టాలో తెలియక రెండుసార్లు తిప్పి చూసింది. పిన్నే చెయ్యి చాచి తీసుకుని సరిగ్గా పెట్టి మూత నొక్కింది.